మైసిర్ బాణాల నుంచి సంభావ్యత పాఠం వరకు

పదవ తరగతి గణిత పుస్తకంలో చివరి అధ్యాయాలలో ఒకటి సంభావ్యత. దానిని తెరవగానే విద్యార్థికి కనిపించేవి నాణెం, పాచిక, పేకముక్కల కట్ట. ముస్లిం గృహాలలో ఈ అధ్యాయం కొన్నిసార్లు ఇరకాటం తెచ్చిపెడుతుంది. గడప దాటి పేకముక్కను లోపలికి రానివ్వని తండ్రి, యాభై రెండు ముక్కల్లో ఆఠీన్లెన్ని, ఇస్పేట్లెన్ని, రాజులెందరు అని కొడుకు కంఠస్థం చేస్తూ వుంటే చూసి నొచ్చుకుంటాడు. ఇది లెక్కల పాఠమా, జూదానికి అక్షరాభ్యాసమా అన్నది ఆయన సందేహం. సందేహం అర్థరహితమైనదేమీ కాదు. 1654వ సంవత్సరంలో ఫ్రాన్సు దేశంలో జూదమాడే ఒక పెద్దమనిషి వేసిన ప్రశ్నల నుంచి ఈ శాస్త్రం పుట్టిందని పాఠ్యపుస్తకాలు, గణిత చరిత్రలు కూడా చెబుతూ వచ్చాయి. జూదంలో పుట్టినది జూదానికే దారి తీయదా?

అయితే ఆ కథ సగం మాత్రమే నిజం. సంభావ్యత పాఠంలో మూడు పనులున్నవి. మొదటిది, ఏమేమి జరగడానికి వీలున్నదో ఒక్కటి కూడా విడువకుండా లెక్కించడం. రెండవది, వాటిలో దేనివైపు మొగ్గు ఎంత వున్నదో తూచడం. మూడవది, ఆ మొగ్గును ఒక భిన్నంగా వ్రాయడం. మూడవ పని ఐరోపాలో పందెపు బల్ల దగ్గర జరిగిన మాట వాస్తవమే. మొదటి రెండూ అంతకు ఎన్నో శతాబ్దాల ముందే నిఘంటుకారుల ఇండ్లలో, రాజుగారి రహస్య లేఖలు విప్పే గదుల్లో, ఫిఖహ్ పాఠశాలల్లో సాగిన పనులు. ఆ చరిత్ర తెలియకపోవడం వల్లనే మన పిల్లల చేతికి పేకముక్కల కట్ట తప్ప మరో ఉదాహరణ దొరకడం లేదు.

నిషిద్ధమైన బాణాలు, సమ్మతమైన చీటీ

ముందుగా మైసిర్ సంగతి. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 219వ ఆయతులోను, అల్ మాయిదా సూరా 90వ ఆయతులోను ప్రస్తావించిన మైసిర్ ఆనాటి అరబ్బులకు చిరపరిచితమైన ఆట. ఒక ఒంటెను అప్పుగా కొని, కోసి భాగాలు వేసేవారు. సంచిలో పది బాణాలుండేవి. ఏడింటికి పేర్లు, వాటాలు వున్నవి: మొదటి దానికి ఒక వాటా, రెండవ దానికి రెండు, అలా పెరుగుతూ ‘ముఅల్లా’ అనే ఏడవ దానికి ఏడు వాటాలు. మిగిలిన మూడూ వట్టివి. నమ్మకస్తుడైన ఒక మనిషి సంచి లోపలికి చూడకుండా బాణాలను ఒక్కొక్కటిగా తీసేవాడు. ఎవరి బాణం వస్తే వారికి వాటా. ఓడినవారు ఒంటె వెల చెల్లించాలి. గెలిచిన మాంసాన్ని పేదలకు పంచిపెట్టడం గొప్పగా భావించేవారు కనుక ఆ ఆటలో కొంత లాభం లేకపోలేదనీ, దానికంటే పాపం పెద్దదనీ అల్ బఖరా ఆయతు భావం.

ఒంటెను పది భాగాలు చేసేవారని కొందరు, ఇరవై ఎనిమిది చేసేవారని అస్మయీ చెప్పారు. ఒకటి నుంచి ఏడు వరకు కూడితే వచ్చేది ఇరవై ఎనిమిదే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. హిజ్రీ 3వ శతాబ్దపు మహా విద్వాంసుడు ఇబ్న్ ఖుతైబా (మరణం క్రీ.శ. 889) ఈ ఆట మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశారు. దాని పేరు ‘అల్ మైసిర్ వల్ ఖిదాహ్’. అప్పటికి ఆట నిషిద్ధమై రెండున్నర శతాబ్దాలు గడిచాయి. ఆయన దానిని ఆడటానికి వ్రాయలేదు, ఆడించటానికీ వ్రాయలేదు. ప్రాచీన అరబీ కవిత్వమూ, ఖుర్ఆన్ పదమూ సరిగా అర్థం కావాలంటే బాణాలెన్ని, వాటాలెన్ని, ఓడినవాడు ఏమి కోల్పోయేవాడు అన్నది తెలియాలి గదా! ఒక ఆట ఎలా నడుస్తుందో తెలుసుకోవడం వేరు, దానికి డబ్బు ఒడ్డడం వేరు. ఈ వివేచన మన పెద్దలకు కొత్త కాదు.

మైసిర్‌ను నిషేధించిన ధర్మమే ఖుర్‌ఆను, అంటే చీటీ వేయడాన్ని, సమ్మతించింది. హజ్రత్ మర్యం (అలైహిస్సలాం) సంరక్షణ ఎవరికి దక్కాలన్న విషయంలో కలాలు వేసి తేల్చుకున్న వృత్తాంతం ఆలి ఇమ్రాన్ సూరాలోను, ఓడలో హజ్రత్ యూనుస్ (అలైహిస్సలాం) పేర చీటీ పడిన వృత్తాంతం అస్సాఫ్ఫాత్ సూరాలోను వున్నవి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రయాణానికి బయలుదేరే ముందు తమ సతీమణుల మధ్య చీటీ వేసేవారని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్‌హా) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో వున్నది. మన మదరసాలలో పాఠ్యగ్రంథమైన ‘హిదాయా’లో మర్గీనానీ (మరణం క్రీ.శ. 1197) ఆస్తి పంపకం గురించి చెబుతూ, వాటాలను సమానంగా చేసిన తరువాత ఏది ఎవరిదన్నది చీటీతో తేల్చడం హృదయాలకు నెమ్మది కలిగించటానికే అని వివరిస్తారు. హక్కు చీటీ వల్ల పుట్టదు. హక్కులో సమానులైనవారి మధ్య అది వరుసను మాత్రమే నిర్ణయిస్తుంది.

ఆ చీటీ ఎలా వుండాలన్నదానిలో షాఫయీ ఫిఖహ్ మరింత నిశితంగా వుంటుంది. ఇమామ్ నవవీ (మరణం క్రీ.శ. 1277) ‘మిన్‌హాజ్’ ప్రకారం పేర్లు వ్రాసిన కాగితాలను ఒకే పరిమాణం గల ఉండలలో చుట్టాలి, ఉండలు చుట్టేటప్పుడు అక్కడ లేని మనిషి చేత తీయించాలి. ఉండ పెద్దదైతే చేతికి ముందుగా తగులుతుంది. చుట్టినవాడే తీస్తే ఏది ఎవరిదో వాడికి తెలిసి వుంటుంది. ఈ రెండూ లేకుండా చేయాలన్నది షరతు. నేటి పాఠ్యపుస్తకం ‘సమసంభవ ఘటనలు’ అని నిర్వచనం చెప్పి, పాచికను నిష్పక్షపాతమైనది అనుకొమ్మంటుంది. నవవీ దానిని అనుకొమ్మని వదిలిపెట్టలేదు. ఎలా సాధించాలో చెప్పారు.

బస్రాలో ఒక నిఘంటువు

లెక్కించడం అనే మొదటి పనికి వస్తే, దాని ప్రారంభం బస్రా నగరంలో కనిపిస్తుంది. క్రీ.శ. 718 ప్రాంతంలో ఒమాన్‌లో పుట్టి బస్రాలో స్థిరపడిన ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అల్ ఫరాహీదీ, అరబీ భాషలో తొలి నిఘంటువు ‘కితాబుల్ ఐన్’ రూపొందించదలచినప్పుడు ఆయన ముందు నిలిచిన ప్రశ్న ఇది: భాషలోని మాటలన్నీ వచ్చాయని, ఒక్కటి కూడా తప్పిపోలేదని తెలిసేదెలా? జనం నోట వినిపించిన మాటలను పోగు చేసుకుంటూ పోతే ఆ భరోసా ఎన్నటికీ రాదు. ఆయన దారిని తిరగవేశారు. ముందు వుండగల మాటలన్నిటినీ లెక్కలో తీసుకొని, వాటిలో వాడుకలో వున్నవేవి, లేనివేవి అని వేరు చేయబూనారు.

‘కితాబ్’ అనే మాటకు మూలం కాఫ్, తా, బా అనే మూడక్షరాలు. ఆ మూడింటిని అటూ ఇటూ మార్చితే ఆరు వరుసలు వస్తాయి: క-త-బ, క-బ-త, త-క-బ, త-బ-క, బ-క-త, బ-త-క. రెండక్షరాలైతే రెండు వరుసలు, నాలుగైతే ఇరవై నాలుగు, ఐదైతే నూట ఇరవై. ఈ సంఖ్యలు ఆ నిఘంటువు పీఠికలోనే వున్నవి. ఇరవై ఎనిమిది అక్షరాల నుంచి, అక్షరం పునరావృతం కాకుండా, రెండక్షరాల మాటలు 756, మూడక్షరాలవి 19,656, నాలుగక్షరాలవి 4,91,400, ఐదక్షరాలవి 1,17,93,600, మొత్తం 1,23,05,412. ఈ మొత్తాన్ని తరువాతి గ్రంథకర్తలు ఖలీల్ పేరనే ఉల్లేఖించారు. మొదటి స్థానానికి ఇరవై ఎనిమిది అవకాశాలు, రెండవ దానికి ఇరవై ఏడు, వాటిని గుణించాలి. నేడు ఇంటర్మీడియట్ విద్యార్థి ‘ప్రస్తారాలు’ అనే శీర్షిక కింద చేసేది ఈ గుణకారమే.

ప్రస్తారం అన్న మాట తెలుగువారికి గణితం కంటే ముందు ఛందస్సులో పరిచయం. ఖలీల్ కూడా అరబీ ఛందశ్శాస్త్రానికి ఆద్యుడే కావడం చిత్రమైన సామ్యం. భారతీయుల ఛందోరీతులను గురించి ఖలీల్ విని వుండవచ్చునని కొందరు అనుకున్నట్లు అల్ బీరూనీ తమ భారతదేశ గ్రంథంలో పేర్కొన్నారు. విన్నా వినకపోయినా, పద్యపు నడకను కొలవబోయిన వారికి రెండు దేశాలలోనూ లెక్క ఎదురైంది.

తెలుగు పాఠంలో పిల్లవాడు య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిది గణాలు వల్లిస్తాడు. ఎనిమిదే ఎందుకు? ప్రతి స్థానంలో గురువో లఘువో వుండాలి, మూడు స్థానాలు, రెండును మూడు సార్లు గుణిస్తే ఎనిమిది. పక్క పీరియడులో లెక్కల మాస్టారు ఒక నాణేన్ని మూడుసార్లు ఎగరవేస్తే ఎన్ని ఫలితాలని అడుగుతారు. అవే ఎనిమిది! బొమ్మను గురువు అనుకుంటే, మూడు ఎగరవేతల్లో సరిగ్గా ఒక్క బొమ్మ పడటమంటే భ, జ, స గణాలలో ఏదో ఒకటి రావడం. కనుక సంభావ్యత ఎనిమిదింట మూడు. మూడూ బొరుసులే పడటం న గణం, ఎనిమిదింట ఒకటి. ఒకే బడిలో, ఒకే పిల్లవాడికి ఈ రెండు పాఠాలూ చెబుతూ అవి ఒకటేనని చెప్పేవారు అరుదు.

గూఢలేఖలు

ఖలీల్ లెక్కించినది వుండగలవాటిని. వాస్తవంలో ఏది ఎంత తరచుగా వస్తుందో లెక్కించినవారు అల్ కిందీ (మరణం క్రీ.శ. 873 ప్రాంతం). అరబ్బుల తత్త్వవేత్తగా ప్రసిద్ధుడైన ఆయన బాగ్దాదులో గూఢలేఖలను విప్పే విధానంపై ఒక చిన్న గ్రంథం వ్రాశారు. శతాబ్దాలుగా కనుమరుగై వున్న ఆ రచన ఇస్తంబూల్‌లోని సులైమానియా గ్రంథాలయపు వ్రాతప్రతులలో దొరకగా, డమాస్కసు పండితులు 1987లో ప్రకటించారు.

ఆయన ఉపాయం సులభమైనది. లేఖలో ప్రతి అక్షరానికి బదులు వేరొక గుర్తు వేశారనుకుందాం. ఆ భాషలోనే వున్న మామూలు రచన ఒకటి తీసుకొని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. గూఢలేఖలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో కూడా లెక్కపెట్టాలి. అక్కడ అధికంగా వచ్చినదానికి ఇక్కడ అధికంగా వచ్చినది సరిపోల్చాలి. కిందీ తానే 3,667 అక్షరాలను లెక్కించారు. అలిఫ్ 600 సార్లు, లామ్ 437 సార్లు, మీమ్ 320 సార్లు వచ్చాయి. అంటే ప్రతి ఆరు అక్షరాలలో ఇంచుమించు ఒకటి అలిఫ్. పాఠ్యపుస్తకం దీనినే ‘ప్రాయోగిక సంభావ్యత’ అంటుంది: జరిగిన సార్లను మొత్తం సార్లతో భాగించడం.

ఆయన చేసిన హెచ్చరిక అంతకంటే విలువైనది. లేఖ మరీ చిన్నదైతే ఈ పద్ధతి పనికిరాదు. నాలుగు మాటల ఉత్తరంలో అలిఫ్ అసలు రాకనే పోవచ్చు. నాణెం పదిసార్లు ఎగరవేసి ఏడు బొమ్మలు పడ్డాయి కనుక నాణెం సరైనది కాదని తీర్మానించే విద్యార్థికి చెప్పవలసినది ఇదే. లెక్క కొద్దిదైతే తీర్పు నిలవదు. ఐరోపాలో జాకబ్ బెర్నూలీ దీనికి గణిత నిరూపణ ఇచ్చిన గ్రంథం 1713లో అచ్చయింది.

పట్టు కుచ్చులు, షడ్రుచులు

అండలూసియాలో పుట్టి మర్రాకుష్ నగరంలో జీవించిన ఇబ్న్ మున్‌ఇమ్ అల్ అబ్దరీ (మరణం క్రీ.శ. 1228) తమ ‘ఫిఖ్‌హుల్ హిసాబ్’లో ఖలీల్ ప్రశ్నను తిరిగి చేపట్టారు. ఖలీల్ లెక్కలో అక్షరం తిరిగి రాదు. అరబీలో తిరిగి వచ్చే మాటలు కోకొల్లలు. ఆ చిక్కు విప్పడానికి ఆయన మాటలను పక్కనపెట్టి, ముందుగా బజారులోని ఒక వస్తువుతో మొదలుపెట్టారు. పది రంగుల పట్టుదారం వున్నది. మూడు రంగులు కలిపి కుచ్చులు కడితే ఎన్ని రకాలు?

ఆయన లెక్కించిన తీరు పిల్లలకు బోధించదగినది. రంగులను వరుసగా పెట్టండి. మూడవ రంగుతో ముగిసే కుచ్చు ఒక్కటే. నాల్గవ రంగుతో ముగిసేవి మూడు, ఐదవ రంగుతో ఆరు, తరువాత పది, పదిహేను, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, ముప్పై ఆరు. అన్నీ కూడితే 120. ఇదే తీరున ఒక రంగువి పది, రెండు రంగులవి 45, నాలుగువి 210, ఐదువి 252, ఆపై మళ్ళీ తగ్గుతూ వస్తాయి. సంఖ్యలను త్రికోణాకారంలో పేర్చారు. పాస్కల్ త్రికోణమని మన పుస్తకాలలో పేరున్న పట్టిక అదే. పాస్కల్ కంటే నాలుగు శతాబ్దాల ముందు ఇబ్న్ మున్‌ఇమ్, ఆయన కంటే రెండు శతాబ్దాల ముందు బాగ్దాదులో అల్ కరజీ దానిని ఎరుగుదురు. మర్రాకుష్‌లోనే పుట్టిన ఇబ్నుల్ బన్నా (1256-1321) పట్టిక అక్కరలేకుండా గుణకార భాగహారాలతోనే జవాబు రాబట్టే సూత్రం చెప్పారు. పదిలో మూడు కావాలంటే పది, తొమ్మిది, ఎనిమిదిలను గుణించి, ఒకటి, రెండు, మూడుల లబ్ధంతో భాగించడం. వరుస తప్పకుండా చెల్లించవలసిన ఖజా నమాజుల సంఖ్య తేల్చడం వంటి సమస్యలను కూడా ఆయన లెక్కలోకి తెచ్చారు.

ఇంత చెప్పి ఇదంతా అరబ్బుల సొత్తేనని అనడం న్యాయం కాదు. ఆ గుణకార సూత్రాన్ని ఇబ్నుల్ బన్నా కంటే నాలుగు శతాబ్దాలకు పైగా ముందే, క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలపు జైన పండితుడు మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో చెప్పాడు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు చేశాడు. భాస్కరాచార్యుడు 1150లో ‘లీలావతి’లో ఈ లెక్కను ఆరు రుచులతో చూపాడు: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఒక్కొక్కటి వేస్తే ఆరు వంటకాలు, రెండేసి కలిపితే 15, మూడేసి 20, నాలుగేసి 15, ఐదేసి 6, అన్నీ కలిపినది ఒకటి, మొత్తం 63. ఉగాది పచ్చడి ఆ చివరి ఒక్కటి! అక్బరు చక్రవర్తి ఆజ్ఞతో 1587లో ఆయన ఆస్థానకవి ఫైజీ ‘లీలావతి’ని ఫారసీలోకి అనువదించాడు. అలా సంస్కృత గణితం ఒకవైపు తెలుగులోకి, మరొకవైపు ఫారసీలోకి అనువాదకుల చేతి మీదుగా నడిచింది. గణిత చరిత్రలో సూత్రం కనిపెట్టినవాని పేరే మిగులుతుంది. దానిని నదులు దాటించినవారిని తలచేవారు తక్కువ.

సందేహానికి కొలబద్ద

ఇక రెండవ పని, మొగ్గును తూచడం. ఇది గణితజ్ఞుల చేతిలో కాక ఉసూలె ఫిఖహ్ పండితుల చేతిలో పెరిగింది. తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య వారు మెట్లు కట్టారు. ఎదురు పక్షానికి తావే లేనిది యఖీన్. రెండు పక్షాలూ సరితూగితే షక్. ఒక పక్షం బరువైతే అది జన్న్; తేలిన పక్షం వహమ్. మొగ్గు మరీ బలమైనప్పుడు గాలిబె జన్న్. ఇమాముల్ హరమైన్ జువైనీ (మరణం క్రీ.శ. 1085) ‘అల్ వరఖాత్’ అనే కరదీపిక ప్రారంభంలోనే జన్న్‌ను, షక్‌ను విడదీసి నిర్వచించారు. నేటి విద్యార్థి ఒక గీత గీసి, ఒక కొన సున్న, మరో కొన ఒకటి, నడుమ అర అని వ్రాస్తాడు. యఖీన్ ఒకటి దగ్గర, షక్ సరిగ్గా అర దగ్గర, జన్న్ దాని పైన, వహమ్ దాని కింద. మదరసాలో చదివినవాడికి ఈ గీత ముఖపరిచయం లేని బంధువు లాంటిది.

హనఫీ గ్రంథాలలోని ఒక మసలా చూడండి. మూడు పాత్రలలో నీరున్నది. ఒకటి అపరిశుద్ధమైనదని తెలుసు, ఏదో తెలియదు. వేరే నీరు లేదు. అప్పుడు తహర్రీ చేయాలి, అంటే గుర్తులు పరిశీలించి మనసు మొగ్గిన పాత్రతో వుజూ చేయాలి. పరిశుద్ధమైనవే అధికం కనుక ఈ అనుమతి. రెండు పాత్రలలో ఒకటి అపరిశుద్ధమైతేనో, మూడింట రెండు అపరిశుద్ధమైతేనో తహర్రీ కుదరదు, తయమ్ముమ్ చేసుకోవాలి. మూడింట రెండు, రెండింట ఒకటి, మూడింట ఒకటి. ఫఖీహ్ చూసినది ఆ భిన్నాలనే. కాని ఆయనకు కావలసినది సగం దాటిందా లేదా అన్నంతవరకే. ఎంత దాటింది అన్న సంఖ్య తీర్పుకు అక్కరలేదు. కనుక సంఖ్యను వ్రాయలేదు.

మూడవ పని మన గ్రంథాలలో ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు సమాధానం బహుశా ఇక్కడే వున్నది. లెక్కించేవారు మాటలను, కుచ్చులను లెక్కించారు. తూచేవారు సాక్ష్యాలను, పాత్రలను తూచారు. ఇద్దరూ ఒకే నగరంలో, కొన్నిసార్లు ఒకే మనిషిలో వున్నారు. అయినా మొగ్గుకు ఒక వెల కట్టవలసిన అవసరం ఏ తగవులోనూ రాలేదు. ఆ అవసరం తెచ్చినది పందెపు డబ్బు.

ఆగిపోయిన ఆట

1494లో వెనిస్‌లో అచ్చయిన పాచియోలీ గణిత గ్రంథంలో ఒక సమస్య వున్నది. ఇద్దరు డబ్బు ఒడ్డి ఆడుతూ వుండగా ఆట మధ్యలో ఆగిపోయింది; సొమ్ము ఎలా పంచాలి? గెలిచిన ఆటల నిష్పత్తిలో పంచమన్నాడు పాచియోలీ. అది తప్పని తరువాతివారు గ్రహించారు గాని సరైనది చెప్పలేకపోయారు. 1654లో పాస్కల్, ఫెర్మాల మధ్య నడిచిన ఉత్తరాలలో అది తేలింది. ఒక్కొక్కరు 32 పిస్తోలులు ఒడ్డారు, మొత్తం 64. ముందుగా మూడు ఆటలు గెలిచినవాడిదే సొమ్ము. మొదటివాడు రెండు, రెండవవాడు ఒకటి గెలిచి వున్నారు. మరొక ఆట ఆడివుంటే మొదటివాడు గెలిచే వీలు సగం; అప్పుడు సొమ్మంతా వాడిదే. ఓడితే ఇద్దరూ సమానులు, తరువాతి ఆటలో మళ్ళీ సగం. సగంలో సగం పావు. సగమూ పావూ కలిపితే ముప్పావు. కనుక మొదటివాడికి 48, రెండవవాడికి 16. అనుకూల ప్రతికూలాల నిష్పత్తి మూడుకు ఒకటి.

పిల్లవాడు నేర్చుకునే కూడిక సూత్రం, గుణకార సూత్రం రెండూ ఈ నాలుగు వాక్యాలలో వున్నవి. ఏక కాలంలో జరగలేనివి కలుపు. ఒకదాని తరువాత ఒకటి జరగవలసినవి గుణించు. పాచికల ప్రశ్నలు కూడా ఆ కాలంలో లేకపోలేదు; జూదరి అయిన కార్డానో అంతకు నూరేళ్ళ ముందే వాటిపై పుస్తకం వ్రాశాడు, అచ్చయినది 1663లో. కాని మలుపు తిప్పినది పంపకపు తగవు. దానికి పాస్కల్ వాడిన పనిముట్టు ఆ త్రికోణమే.

పంపకం అనగానే ముస్లిం విద్యార్థికి ఫరాయిజ్ గుర్తుకు రావాలి. అల్ ఖ్వారిజ్మీ బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలకు, వారసత్వానికి సంబంధించిన లెక్కలే. సంతానం వున్న మృతుని భార్యకు ఎనిమిదవ వంతు. ఇతర వారసులెవ్వరూ లేకుండా ఒక్క కుమారుడే వుంటే మిగిలిన ఎనిమిదింట ఏడు అతనిది. మొత్తం ఒకటి; ఒకదానిలోంచి తీసివేస్తే రెండవది. జరగకపోవడపు సంభావ్యత కావాలంటే జరిగే సంభావ్యతను ఒకటిలోంచి తీసివేయమని పుస్తకం చెప్పే పూరక సూత్రం దీనికంటే వేరు కాదు.

తరగతి గదిలో

పేకముక్కల స్థానంలో మైసిర్ బాణాలనే పెట్టి చూడవచ్చు. వాటి వలన ఆట అలవాటయ్యే ప్రమాదం లేదు, సంచి ఎక్కడా దొరకదు. పది బాణాలలో వట్టివి మూడు. మొదట తీసినది వట్టిది కావడానికి సంభావ్యత పదింట మూడు. అనుకూల ప్రతికూలాల నిష్పత్తి మూడుకు ఏడు. నిష్పత్తికీ సంభావ్యతకూ తేడా విద్యార్థులు తరచూ పొరబడే చోటు: ఒకచోట అనుకూలాన్ని మొత్తంతో, మరోచోట ప్రతికూలంతో పోల్చుతాము. వట్టి బాణమో ముఅల్లాయో రావడానికి పదింట మూడుకు ఒకటి కలిపి పదింట నాలుగు. తీసిన బాణాన్ని తిరిగి వేయకుండా రెండుసార్లు తీస్తే రెండూ వట్టివి కావడానికి పదింట మూడును తొమ్మిదింట రెండుతో గుణించాలి, పదిహేనింట ఒకటి.

పేక కట్టకు నేడు ఒక కొత్త ఇల్లు దొరికింది. సెల్‌ఫోనులో రమ్మీ, పందెపు చక్రాలు వచ్చి కుటుంబాలను కూల్చినందునే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం సంగతి అలా వుండగా లెక్క చూద్దాం. పది అంకెల చక్రం, ఒక రూపాయి పందెం, సరైన అంకెకు ఎనిమిది రూపాయలు ఇస్తామన్నారనుకుందాం. గెలిచే వీలు పదింట ఒకటి. ఎనిమిదిలో పదవ వంతు ఎనభై పైసలు. రూపాయి పెట్టిన ప్రతిసారీ సగటున ఇరవై పైసలు నిర్వాహకుడికి. అదృష్టం తిరుగుతుందని వెయ్యిసార్లు ఆడినవాడు ఆ సగటుకు మరింత దగ్గరవుతాడే గాని దూరం కాడు. కిందీ హెచ్చరిక ఇక్కడ తిరగబడి పనిచేస్తుంది. పుస్తకంలోని ఆఠీన్లను చూసి ఆ అధ్యాయమే వద్దన్న తండ్రి, కుమారుడికి ఈ ఇరవై పైసలు కనబడే అద్దాన్ని కూడా తీసేసినట్లే.

మన ఇండ్లలో అందరికీ అనుభవమైన చీటీ ఒకటున్నది. హజ్ దరఖాస్తులు సీట్ల కంటే అధికమైనప్పుడు హజ్ కమిటీ ఖుర్‌ఆ తీస్తుంది. కలిసి వెళ్ళదలచిన కుటుంబ సభ్యులు ఒకే కవరులో దరఖాస్తు చేస్తారు. కవరు వస్తే అందులోని వారందరూ వచ్చినట్లే. లెక్క సులభం కావడానికి వంద కవర్లలో నలభై తీస్తారనుకుందాం. భార్యాభర్తలు ఒకే కవరులో వుంటే ఇద్దరూ కలిసి వెళ్ళే సంభావ్యత వందకు నలభై, అంటే ఐదింట రెండు. తెలియక వేర్వేరు కవర్లలో వేశారు. అప్పుడు ఇద్దరూ ఎంపిక కావాలంటే మొదటి కవరుకు వందింట నలభై, అది వచ్చిన తరువాత రెండవ దానికి తొంభై తొమ్మిదింట ముప్పై తొమ్మిది. గుణిస్తే నూట అరవై ఐదింట ఇరవై ఆరు. వందకు పదహారు కూడా లేదు. ఇద్దరిలో కనీసం ఒకరు వెళ్ళే వీలు మాత్రం వందకు అరవై నాలుగు దాకా పెరుగుతుంది. ఆ అరవై నాలుగు ఎలా వచ్చిందో విద్యార్థి పూరక సూత్రంతో రాబట్టవచ్చు: ఇద్దరూ ఎంపిక కాకపోవడం వందింట అరవై, తొంభై తొమ్మిదింట యాభై తొమ్మిది.